చీటీలో రాయి

ప్రియమైన అక్కకి,

పైన ‘ప్రియమైన’ మీద అడ్డగీత కనిపిస్తోందా? నేనే కొట్టేశాను. ఇంకో కాగితం తీసుకుని శుభ్రంగా మొదలుపెట్టొచ్చు, కానీ కొట్టేశానని నీకు తెలియాలి. అసలు నా దగ్గర కాగితాలే లేవు. వచ్చేటప్పుడు సంచి అడుగున నీ ఆర్డర్ల పుస్తకం ఒకటి పొరపాటున వచ్చేసింది, ఆకుపచ్చ గీతలది. అందులోంచి చించి రాస్తున్నాను. నీ కాగితం మీదే నిన్ను తిట్టడంలో ఒక సుఖం ఉంది.

ఐదు నెలలైంది. చచ్చానా బతికానా అని నువ్వు అడగలేదు. అడగవు. నీ నోట్లోంచి మాట రావాలంటే ఎవరైనా బోర్డు ఆర్డరివ్వాలి. అమ్మ పోయేనాటికి నాకు ఎనిమిదేళ్ళు, నీకు పంతొమ్మిది. నేను బడి నుంచి వచ్చేసరికి నువ్వు ఏ దుకాణం ముందో నిచ్చెనెక్కి బోర్డు రాస్తూ ఉండేదానివి, ఇంట్లో తలుపు మీద చీటీ ఉండేది. ‘పాలు.’ అంటే కాచుకుని తాగమని. ‘గొడుగు.’ అంటే మర్చిపోకుండా పట్టుకెళ్ళమని. ‘తాళం.’ అంటే నువ్వు వచ్చేసరికి ఆలస్యమవుతుందని. ఒక వస్తువు పేరు, పక్కన ఒక చుక్క, అంతే. అక్షరానికింత అని రంగు ఖర్చవుతున్నట్టు పొదుపు చేసేదానివి. నేనేమో నోట్లో నువ్వుగింజ నానని దాన్ని. లొడలొడ అని పేరు పెట్టింది నువ్వే.

ఇప్పుడు నొప్పి సంగతి మొదటి నుంచీ చెప్తాను, ఎందుకంటే నువ్వు చూసింది సగమే. నేను మెట్ల మీద పడిపోయిన రోజుకి రెండేళ్ళ ముందు నుంచే అది నాలో ఉంది. తిన్న గంటకో రెండు గంటలకో కుడి పక్కటెముకల కింద పిడికిలి పెట్టి మెలిపెట్టినట్టు మొదలై, వీపు మీదుగా భుజం ఎముక దాకా పాకేది. కూర్చుంటే నిలబడాలనిపించేది, నిలబడితే కూర్చోవాలనిపించేది. గ్యాస్ అని చెప్పాను నీకు. గ్యాస్ అంటే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. బేకరీలో నాది పఫ్‌లు చేసే పొరల బల్ల. పిండిలో వెన్న పెట్టి మూడు మడతలు వేసి, చల్లబెట్టి, ఒత్తి, మళ్ళీ మూడు మడతలు. అలా ఆరుసార్లు. ఏడు వందల ఇరవై తొమ్మిది పొరలు, ఒక్కటి చిరగకూడదు. ప్రతి ట్రే నుంచీ ఒకటి విరిచి రుచి చూసేది నేనే. ఆ వెన్నే నాకు పడట్లేదని తెలిస్తే ఆ బల్ల దగ్గర నన్నెవరు నిలబెడతారు? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరుకున్నాను.

మెట్ల మీద పడిన రోజు నువ్వు తీసుకెళ్ళిన క్లినిక్‌లో స్కానింగ్ అయ్యాక నేను పక్క గదిలో బట్టలు సర్దుకుంటుంటే డాక్టరు నీతో చాలాసేపు మాట్లాడింది. బయటికి వచ్చి ఏమందని అడిగితే “మూడు” అన్నావు. పిత్తాశయంలో మూడు రాళ్ళున్నాయని నేనే అర్థం చేసుకోవాలి. ఆపరేషన్ చేసి తీసేస్తారు, అప్పటిదాకా తిండి చూసుకోవాలి, అన్న రెండు వాక్యాలు నీ నోట్లోంచి లాగేసరికి ఇల్లొచ్చింది. ఇప్పుడే ఆపరేషన్ వద్దు, కొన్నాళ్ళాగుదాం, బేకరీలో ఎవరికీ చెప్పకు అన్నాను. నువ్వు తలూపావు. తలూపావక్కా నువ్వు.

మర్నాడు నేను మంచం మీద ఉండగా వెళ్ళి మా యజమానికి చెప్పేశావు. జన్మలో మూడు మాటలు కలిపి మాట్లాడని మనిషివి, ఆ రోజు ఏకంగా ఉపన్యాసమే ఇచ్చావట. దీని కడుపులో రాళ్ళున్నాయి, వెన్న రుచి చూడనివ్వకండి, బల్ల మార్చెయ్యండి, అని. నేను పనిలోకి వెళ్ళేసరికి నా ఏప్రన్ తీసుకెళ్ళి అట్టపెట్టెల గదిలో తగిలించారు. పద్నాలుగేళ్ళు ఆ బల్ల మీద చేతులు ఆడించిన దాన్ని, పెట్టెలకి దారం కట్టుకుంటూ కూర్చున్నాను. మూడో రోజుకి నాకు రాళ్ళమ్మ అని పేరొచ్చింది. రాళ్ళమ్మా, నువ్వు బరువులెత్తకు, నీ బరువు నీకుంది కదా, అని నవ్వేవాళ్ళు. నా బల్ల దగ్గర నిలబడ్డ కొత్త పిల్ల పొరలు చింపి పెడుతుంటే అద్దంలోంచి చూస్తూ ఉండేదాన్ని. నేను నేర్పిస్తానని వెళ్తే, వద్దమ్మా, మీ అక్క మరీ మరీ చెప్పింది, అన్నాడు యజమాని.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి నీతో అన్న మాటలు నాకు గుర్తున్నాయి. నువ్వు నా అమ్మవి కాదు, నా నోరు నీకు అప్పజెప్పలేదు, అన్నాను. అంతకంటే పెద్ద మాటలు కూడా అన్నాను. నువ్వు కిరసనాయిల్లో బ్రష్షులు కడుక్కుంటూ కూర్చున్నావు. ఒక్క మాట తిరిగి తిట్టి ఉంటే నేను ఉండిపోయేదాన్నేమో. నువ్వు తిట్టలేదు కాబట్టి పొద్దున్నే సంచి సర్దుకున్నాను.

బస్సెక్కి దుప్పటి తీస్తుంటే ఒళ్ళో చీటీ పడింది. నీ చేతిరాత, నీ చుక్క. ‘రాయి.’

నేను దాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. బేకరీలో వాళ్ళు విసిరింది చాలలేదనుకున్నావా, నీ వంతు ఒకటి వెయ్యకుండా పంపకూడదనుకున్నావా? రాళ్ళమ్మ అన్న పేరు నీ వల్లే వచ్చింది, దాన్నే పొట్లం కట్టి నా చేతికిచ్చావు. లేకపోతే నా గుండె రాయి అంటున్నావేమో. నిన్ను అన్నేసి మాటలన్నాను కదా. ఈ రెండింట్లో ఏదో తేల్చుకోలేక కొన్నాళ్ళు గింజుకున్నాను. తర్వాత ఏదైనా ఒకటేలే, పుండు మీద కారమేగా అనుకున్నాను. చీటీ పారెయ్యలేదు. కోపం తగ్గినప్పుడల్లా తీసి చదువుకోవడానికి దాచుకున్నాను.

ఇక్కడ నాకు వేరే బేకరీలో పని దొరికింది. ఇక్కడ బ్రెడ్డు తప్ప ఏమీ చెయ్యరు. వెన్న ఊసే లేదు. లాండ్రీ మీద గది అద్దెకు తీసుకున్నాను, నేల ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. నువ్వు లేకపోతే తిండి చూసుకోలేననుకుంటున్నావేమో, విను. వెన్న, మీగడ, చీజ్, వేపుళ్ళు అన్నీ మానేశాను. గదిలో నూనె సీసా అన్నదే లేదు. వెన్న తీసిన పాలు, ఉడికించిన కూరలు, ఓట్స్, తొక్కతో సహా ఆపిల్. తొమ్మిది కిలోలు తగ్గాను, బట్టలన్నీ పిన్నీసుల మీద నిలబడుతున్నాయి. ఇంతకంటే ఎవరు చేస్తారు చెప్పు?

అయినా వస్తోంది. అదే నా మంట. వచ్చిన మొదటి నెలలో ఒక ఆదివారం, సెలవు కదా అని పొద్దెక్కేదాకా పడుకున్నాను. లేచి బట్టలుతికి, గది కడిగి, రెండింటికి వంట చేసుకుని కూర్చున్నాను. ఉడికించిన బంగాళదుంపలు, చిక్కుడు గింజలు, బ్రెడ్డు. వెన్న చుక్క లేదు. ఆకలి మీద కడుపు నిండా తిన్నాను. నాలుగింటికి మెలిపెట్టేసింది. ఇంకో బుధవారం. మాకు పిండి లారీ వచ్చేది ఆ రోజే. తెల్లవారుజామున ఐదింటికి పనిలోకి దిగితే బస్తాలు లెక్కపెట్టుకుని పేర్చేసరికి మూడు దాటుతుంది, మంచినీళ్ళు తప్ప ఏదీ నోట్లో పడదు. ఆ మధ్యాహ్నం రెండు గిన్నెల సూపు, నాలుగు ముక్కల బ్రెడ్డు. నూనె లేని సూపే. సాయంత్రం దాకా గోడ పట్టుకుని నిలబడ్డాను. పోయిన ఆదివారం మళ్ళీ అదే తంతు, పొద్దున్న పడక, రెండింటికి భోజనం, నాలుగింటికి గోడ. మధ్యలో ఒకసారి మాత్రం నా తప్పే, కౌంటర్లో అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతుంటే బయటి నుంచి క్రీము కేకు తెప్పించారు, రెండు ముక్కలు తిన్నాను. అక్కడ ఎవరి మీదా కోపం లేదు. మిగతా మూడుసార్లూ నేనేం పాపం చేశానని? అన్నీ మానేసిన దానికి కూడా వస్తే ఇక ఏం తిని బతకాలి? ఎవరి మీద అరవాలో తెలియక నీ మీద అరుస్తున్నాను. నీకు అలవాటే కదా.

జవాబు అక్కర్లేదు. నీ దగ్గర ఇంకా రాళ్ళు మిగిలి ఉంటే దాచుకో.

ఇట్లు,
ఒకప్పుడు నీ చెల్లెలు,
లొడలొడ


అక్కగారికి,

గారు పెట్టాను. పరాయివాళ్ళకి పెడతాం కదా.

మూడు వారాలు చూశాను. జవాబు అక్కర్లేదన్నానే అనుకో, అక్కర్లేదన్నంత మాత్రాన ఇవ్వకుండా ఉంటారా? చిన్నప్పుడు నేను అన్నం అక్కర్లేదంటే బలవంతంగా తినిపించిన దానివేగా. నా గదిలో కవర్లు అయిపోయాయి, ఇది బేకరీ కవరు, మూలన పిండి మరక ఉంటే తుడుచుకో.

మొన్న బుధవారం మళ్ళీ వచ్చింది. లారీ రోజే. మూడున్నరకి తిన్నాను, ఐదింటికల్లా బస్తాల మధ్య ముడుచుకుని పడి ఉన్నాను. మా పిండి బాబాయ్ చూశాడు. ఆయన ఇక్కడ పిండి కలిపే పెద్దాయన, ముప్ఫై ఏళ్ళుగా కలుపుతున్నాడు, లోకంలో ప్రతి జబ్బుకీ ఆయన దగ్గర మందుంది. అరగ్లాసు నూనె, అందులో నాలుగు నిమ్మకాయల రసం, గటగటా తాగి కుడి పక్కకి తిరిగి పడుకుంటే రాళ్ళు జారి కింద నుంచి పోతాయి, వాళ్ళ వదినకి పోయాయి, ఆకుపచ్చగా బఠానీల్లా ఉన్నాయి, కళ్ళారా చూశాడు, అన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఐదు నెలలు నూనె ముట్టనిదాన్ని, విసుగెత్తిపోయి శుక్రవారం పని దిగి వచ్చి తాగేశాను.

అక్కా, ఆ నాలుగు గంటలు నేను పగవాళ్ళకి కూడా కోరుకోను. నీకు కూడా కోరుకోను. వాంతులయ్యాయి, చెమటలు పోశాయి, లాండ్రీ ఆవిడ పైకొచ్చి తలుపు బాదింది. చివరికి ఆ పిండి బాబాయే బ్రెడ్డు వ్యానులో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ ఆయన్ని పక్కన నిలబెట్టుకునే వాయించింది. ఆకుపచ్చ బఠానీలు రాళ్ళు కావట, నూనే నిమ్మరసమూ పేగుల్లో కలిసి సబ్బులా గడ్డకట్టిన ఉండలట. పెద్దాయన మొహం చూస్తే జాలేసింది. వాళ్ళ వదిన మళ్ళీ స్కానింగ్ చేయించుకుందో లేదో కనుక్కుంటానని గొణుక్కుంటూ వెళ్ళాడు.

తర్వాత నా వంతు. తొమ్మిది కిలోలు తగ్గానని గొప్పగా చెప్పాను. ఎన్ని నెలల్లో అని అడిగింది. ఐదున్నరలో అన్నాను. అంత తొందరగా తగ్గితే రాళ్ళు పోవు, కొత్తవి పుడతాయి అంది. స్కానింగ్‌లో నాలుగు కనిపించాయి. మూడు తెచ్చుకుని నాలుగు చేసుకున్నాను. ఈ ఐదు నెలలూ కడుపు మాడ్చుకుని చేసిన నిర్వాకం అది. నాకు ఏడుపొచ్చింది, ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది, డాక్టరమ్మ మీదే గొంతు లేపాను. మరి తిండి మార్చుకోమన్నది మీరే కదా అని.

ఆవిడ కోప్పడలేదు. “తిండితో రాళ్ళు కరగవమ్మా. నొప్పి వచ్చే సార్లు తగ్గుతాయి, అంతే. అది కూడా ఏది తిన్నారో కాదు, ఎప్పుడు తిన్నారో, ఎంత తిన్నారో తెలిస్తేనే తగ్గుతాయి” అంది. రోజూ తిన్నదీ, నొప్పి వచ్చిన వేళా ఒక పుస్తకంలో పెట్టుకున్నారా అని అడిగింది. లేదన్నాను. మొదట చూసిన డాక్టరు చెప్పి ఉండాలే అంది. నాకెవరూ చెప్పలేదన్నాను. నిజమే కదా. పక్క గదిలో అంతసేపు నీతో మాట్లాడిందే, నువ్వు నాకు చెప్పింది మూడు అన్న ఒక్క మాట.

జ్వరం లేదు కాబట్టి, కళ్ళు పచ్చబడలేదు కాబట్టి ఇంటికి పంపింది. ఆ రెండింట్లో ఏది కనిపించినా, నొప్పి గంటల తరబడి తగ్గకపోయినా, క్షణం ఆగకుండా రమ్మంది. ఆపరేషన్‌కి వచ్చే నెల ఇరవై రెండో తారీఖు ఇచ్చింది. చిన్న చిన్న గాట్లు పెట్టి పిత్తాశయం సంచిని రాళ్ళతో సహా తీసేస్తారు. ఇక దాటవేస్తే ఏదో ఒక రోజు రాయి నాళంలో ఇరుక్కుంటుంది, అప్పుడు ఇప్పటిలా మాట్లాడుకునే వ్యవధి ఉండదు అంది. సరే అన్నాను. బల్ల మీద ఫారం పెట్టింది. పేరు రాశాను, వయసు రాశాను. ‘తోడుగా వచ్చేవారు’ అన్న గడి దగ్గర ఆగిపోయాను. పిండి బాబాయ్ పేరు రాద్దామనుకుంటే ఆయన అసలు పేరు నాకు తెలియదు. తర్వాత నింపుతానని మడిచి తెచ్చుకున్నాను. తోడు లేకపోతే ఆ రోజు చెయ్యరట.

అందుకే ఆ తారీఖు రద్దు చేసుకుందామనుకుంటున్నాను. ఆదివారాలూ బుధవారాలూ ఎలాగో ఓర్చుకుంటాను. నాకు భయం ఆపరేషన్ అంటే కాదు. కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన ఖాళీ కుర్చీ ఉంటుందే, దాన్ని చూడలేను. ఇది ఎవరికీ చెప్పలేదు. నీకెందుకు చెప్తున్నానో తెలియదు. నిన్ను రమ్మనడం లేదు, బాగా గుర్తుంచుకో. రాయి విసిరిన చేతిని పట్టుకుని నేను ఆసుపత్రి మెట్లెక్కలేను.

ఇట్లు,
రాళ్ళమ్మ
(ఇప్పుడు నాలుగు)


లొడలొడా,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. మొదటి దాని మీద చిరునామా లేదు. కవరు తిప్పి తిప్పి చూశాను. పోస్టాఫీసు ముద్ర సగమే పడింది. మీ పాత యజమానిని అడిగాను, తెలియదన్నాడు. చిరునామా పెట్టకుండా పంపి, జవాబు లేదని రెండో దాంట్లో తిట్టావు. బేకరీ కవరు మీద చిరునామా అచ్చు వేసి ఉంది కాబట్టి దొరికావు. కవర్లు అయిపోకపోయి ఉంటే నేనేమయ్యేదాన్ని?

నాకూ కోపమొచ్చింది. ఒక్కసారే చెప్తాను. ఇంత పొడుగు నేను ఎవరికీ రాయలేదు, చెయ్యి పీకుతోంది.

రాయి అంటే రాయి కాదే. రాయమని.

ఆ రోజు డాక్టరు నాతో చెప్పింది అదే. ఏం తింటోందో, ఎప్పుడు నొప్పొస్తోందో రోజూ రాయించండి, అప్పుడే దారి దొరుకుతుంది, అంది. నీకు ఇంట్లో చెప్దామనుకున్నాను. ఈలోగా నేను బేకరీకి వెళ్ళాను, నువ్వు గొడవ పడ్డావు, మాటల్లేకుండా పోయాయి. నువ్వు నిద్రపోయాక కొత్త పుస్తకం ఒకటి సంచి అడుగున పెట్టాను. చీటీ అందులో మొదటి పేజీలో ఉంచాను. జారి దుప్పట్లోకి వచ్చి ఉంటుంది. నా ఆర్డర్ల పుస్తకానికి గీతలుంటాయా? ఎప్పుడైనా చూశావా? నువ్వు నన్ను తిట్టింది ఆ పుస్తకం కాగితాల మీదే.

నాలుగు మాటలు రాసి ఉండాల్సింది. తిన్నది రాయి. నొప్పి రాయి. చేరాక నాకు ఉత్తరం రాయి. మూడింటికీ ఒకే మాట సరిపోతుంది కదా అనుకున్నాను. జీవితమంతా వస్తువుల పేర్లు రాసి రాసి, ఒక్కసారి పని చెప్పబోతే అదీ వస్తువే అయి కూర్చుంది. ఐదు నెలలు నీ ఉత్తరం కోసం చూశాను. రాయమన్నాను కదా, రాస్తుందిలే, కోపం తగ్గాక రాస్తుందిలే అనుకుంటూ. నువ్వు అక్కడ చీటీ చదువుకుని కోపం పెంచుకుంటున్నావని నాకేం తెలుసు?

ఇంకొకటి. నీ ఉత్తరాలు రెండూ ముందేసుకుని కూర్చున్నాను. తిట్లన్నీ కొట్టేశాను. చాలా పట్టింది. మిగిలింది ఒక అట్ట మీద బ్రష్షుతో రాసి ఇందులో పెడుతున్నాను, డాక్టరమ్మకి చూపించు. నొప్పి ఆరుసార్లు వచ్చింది. ఒకటి కేకు, ఒకటి ఆ ముసలాయన నూనె. మిగతా నాలుగూ ఆదివారమో బుధవారమో. ఆ నాలుగు రోజులూ పొద్దున్న నువ్వు ఏమీ తినలేదు, మధ్యాహ్నం రెండూ మూడింటికి ఒక్కసారే మీద పడి తిన్నావు. మిగతా రోజుల్లో నొప్పి ఊసే లేదు. చదువుకున్నదాన్ని కాను, నాకే తెలిసింది. ఐదింటికి పనిలోకి దిగే ముందు రెండు ముక్కల బ్రెడ్డు తినలేవా? లారీ వచ్చినా పది నిమిషాలు ఆగలేదా? ఆదివారం తిండికి సెలవని ఎవరు చెప్పారు? రాయమన్నది రాశావు, తిట్ల మధ్యలో రాశావు, నువ్వే చదువుకోలేదు.

ఇక బేకరీ సంగతి. అది నా తప్పు. నువ్వు చెప్పకన్నావు, నేను తలూపాను, వెళ్ళి చెప్పాను. నువ్వు మెట్ల మీద పడ్డప్పుడు వినిపించిన చప్పుడు నా చెవిలోంచి పోలేదు. ఆ వారం ఒక దుకాణానికి ‘చెప్పులు’ అని రాయాల్సింది ‘చెప్పలు’ అని రాశాను. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి. అయినా అది సాకు కాదు. నీ నోటి మాట నేను మాట్లాడాను, నీ చేతి పని పోగొట్టాను. నీకు రాళ్ళమ్మ అని పేరు పెట్టారని నీ ఉత్తరం వచ్చేదాకా నాకు తెలియదు. తెలిశాక మీ పాత బేకరీ బోర్డుకి మళ్ళీ రంగు వెయ్యమని వాళ్ళడిగితే నేను వెయ్యనన్నాను. నాకు చేతనైంది అంతే. నువ్వు ఎంత తిట్టినా తగిందే. కానీ రాయి విసిరానని మాత్రం అనకు. ఆ ఒక్కటీ నేను చెయ్యలేదు.

ఇరవై రెండో తారీఖు రద్దు చేసుకోకు. ఆ గడిలో నా పేరు నాకు నేను రాసుకోలేను. పిలవకుండా నీ విషయంలో ఒకసారి దూరాను, చాలు. నిచ్చెనా డబ్బాలూ లోపల పెట్టేశాను, ఆ వారానికి ఆర్డర్లు తీసుకోలేదు. రమ్మంటే వస్తాను. వద్దంటే ఊరుకుంటాను. ఏదో ఒకటి చెప్పు. ఒక్క మాట చాలు, నాకు చదవడం వచ్చు.

అక్క.


అక్కా,

కోపం తగ్గలేదు. బ్రష్షుతో అంత లావు అక్షరాలతో రాస్తే డాక్టరమ్మ నవ్వింది. తన గది గోడకి తగిలించుకుంటానని అడిగింది కూడా. ఇవ్వలేదు.

బుధవారం లారీ వచ్చింది. తొమ్మిదింటికి బస్తా మీద కూర్చుని రెండు ముక్కలూ ఒక ఆపిలూ తిన్నాను. డ్రైవరు హారన్ కొట్టాడు, కొట్టుకోనీ అన్నాను. పిండి బాబాయ్ పక్కన కాపలా నిలబడ్డాడు. నాలుగింటికి గోడ అవసరం రాలేదు. నువ్వు చెప్పినట్టే అయిందని ఒప్పుకోవడానికి నాకు ఒళ్ళు మండుతోంది. ఐదు నెలలు నాకు నేనే రాయిని మోసుకు తిరిగానన్నమాట, కడుపులోవి చాలనట్టు. మిగతా తిట్లు ఎదురుగా తిడతాను, కాగితాలు అయిపోతున్నాయి.

ఫారం నింపేశాను. గడిలో ఒక పేరు ఉంది.

ఇంట్లో మనిద్దరిలో పొదుపు నీకే వచ్చనుకోకు. నీ చీటీలోంచి ఒక అక్షరం తీసేసి మిగిలింది నీకే పంపుతున్నాను. మళ్ళీ ఎక్కడ తప్పుగా చదువుతావోనని ముందే చెప్తున్నాను, ఇది వస్తువు పేరు కాదు.

రా.

నీ చెల్లెలు,
లొడలొడ